పణిక్కర్ టెలిగ్రాములు: ఉన్న ఊళ్లో ప్రభుత్వం కూలిపోతే రాయబారి ఏం చేస్తాడు?

తెలంగాణ ఉద్యమం జోరుగా నడిచిన రోజుల్లో, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ పేరు విననివాళ్లు లేరు. 1955 సెప్టెంబరులో ఆ కమిషన్ ఇచ్చిన నివేదికలోని 386వ పేరా చాలామంది ఉపన్యాసకులకు కంఠతా వచ్చేది. ప్రస్తుతానికి తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచండి, 1961 ప్రాంతంలో ఎన్నికలయ్యాక అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే ఆంధ్రతో కలపండి అన్నది దాని సారాంశం. ఆ నివేదిక ఇచ్చింది ముగ్గురు. ఫజల్ అలీ అధ్యక్షుడు. రెండో ఆయన హృదయనాథ్ కుంజ్రూ. మూడో ఆయన కావాలం మాధవ పణిక్కర్.

ఈ మూడో మనిషి గురించి మన దగ్గర పెద్దగా మాట్లాడుకోరు. ఆయన మలయాళీ, చరిత్రకారుడు. కమిషన్‌లోకి రాక ముందు చైనాలో మన రాయబారి. 1948లో వెళ్లినప్పుడు అక్కడ చియాంగ్ కై-షేక్ నడిపే జాతీయవాద ప్రభుత్వం. 1952లో తిరిగి వచ్చేనాటికి అంతర్యుద్ధంలో గెలిచిన మావో కమ్యూనిస్టు ప్రభుత్వం. ఒకే దేశంలో, ఒకే ఉద్యోగంలో, ఒకరినొకరు శత్రువులుగా చూసుకున్న రెండు ప్రభుత్వాల దగ్గర ఆయన భారత్ తరఫున పనిచేశారు. మధ్యలో కొన్ని నెలలు ఏ ప్రభుత్వం దగ్గరా కాకుండా ఉండిపోయారు.

పరాయి దేశంలో రాజకీయాలు తలకిందులైనప్పుడు రాయబారి బతుకు ఎలా ఉంటుందో అర్థం చేసుకోవడానికి పణిక్కర్ కథంత పనికొచ్చేది నాకు ఇంకొకటి కనిపించలేదు. కొత్త ప్రభుత్వంతో ఎలా నెగ్గుకు రావాలన్నదే అసలు కష్టం అని మనం అనుకుంటాం. పణిక్కర్ విషయంలో దానికంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఆయన రాసిన టెలిగ్రామును చదివేవాడు నమ్మాలా వద్దా అన్నది. 1950 అక్టోబరు అనే ఒక్క నెలలోనే ఆయన చేరవేసిన నిజాన్ని వాషింగ్టన్ నమ్మలేదు. ఆయన పొరపాటు అంచనాను ఢిల్లీ చాలావరకు నమ్మింది.

ముందు కాగితాల సంగతి చూద్దాం.

రాయబారి ఒక దేశానికి వెళ్తాడని మనం అంటాం గానీ, కాగితం మీద ఆయన వెళ్లేది ఒక మనిషి దగ్గరికి. ఇక్కడి దేశాధినేత అక్కడి దేశాధినేతకు, 'ఫలానా వ్యక్తిని నా తరఫున పంపుతున్నాను, ఆయన మాటను నా మాటగా నమ్మండి' అని ఉత్తరం రాస్తాడు. దాన్నే నియామక పత్రం అంటారు. 'కొత్త రాయబారి రాష్ట్రపతికి నియామక పత్రాలు సమర్పించారు' అని పేపర్లో ఫొటోతో వచ్చే చిన్న వార్త దీని గురించే. ఆ ఉత్తరం చేతులు మారేదాకా రాయబారి పూర్తి రాయబారి కాడు. అసలు మనిషిని పంపే ముందే 'ఈయన మీకు సమ్మతమేనా' అని గుట్టుగా అడిగి ఒప్పుకోలు తీసుకుంటారు. పెళ్లి సంబంధంలో ముందు మధ్యవర్తి చేత కబురు పెట్టించడం లాంటిదే.

ఎన్నికలు జరిగి ప్రభుత్వం మారితే వీటిలో ఏదీ కదలదు. ప్రధాని మారతాడు, పార్టీ మారుతుంది, రాయబారి మర్నాడు మామూలుగానే ఆఫీసుకు వెళ్తాడు. తుపాకితో ప్రభుత్వం మారినప్పుడే గొడవ. ఎవరి పేరున ఉత్తరం తెచ్చాడో ఆ మనిషి రాజధాని వదిలి పారిపోయాడు. కొత్తగా వచ్చినవాడి పేరున ఉత్తరం లేదు. మరి చేతిలో ఉన్న కాగితానికి విలువేమిటి?

ఇక్కడ రెండు విషయాలను విడిగా చూడాలి. చైనా అనే దేశం ఎక్కడికీ పోలేదు. ఆ దేశం తరఫున మాట్లాడే హక్కు ఎవరిది అన్నదే తగవు. బయటి దేశాలు 'మా దృష్టిలో ఇదే ప్రభుత్వం' అని చెప్పడాన్ని గుర్తింపు అంటారు. గుర్తించినంత మాత్రాన దౌత్య సంబంధాలు మొదలైపోవు. గుర్తించనంత మాత్రాన మాటలు ఆగిపోవు. ఈ రెండింటి మధ్య ఉన్న ఇరుకు సందులోనే 1949లో పణిక్కర్ కాలం గడిచింది.

తెలుగులో రాయబారం అనగానే మనకు కౌరవ సభలో కృష్ణుడు గుర్తొస్తాడు. ఆయన పని ఒక విధంగా తేలిక. ఎవరి సభకు వెళ్తున్నాడో, ఎదుట ఎవరు కూర్చుంటారో తెలుసు. పణిక్కర్ వెళ్లిన సభ ఆయన కళ్లముందే ఖాళీ అయిపోయింది.

అప్పటి చైనా రాజధాని నాంజింగ్. మనవాళ్లు నాన్‌కింగ్ అని రాసేవారు. పణిక్కర్ వెళ్లేసరికే ఆ ప్రభుత్వం లోపల కుళ్లిపోయి ఉంది. 1948 ఆగస్టులో పాత నోట్లు రద్దు చేసి 'గోల్డ్ యువాన్' అని కొత్త కరెన్సీ తెచ్చారు. ముప్ఫై లక్షల పాత యువాన్లకు ఒక్క కొత్త యువాన్. నెలలు తిరక్కుండానే ఆ కొత్త నోటుకూ పాత గతే పట్టింది. 1949 జనవరి 21న చియాంగ్ అధ్యక్ష పదవి నుంచి తప్పుకుని లీ జోంగ్‌రెన్‌ను ముందు పెట్టాడు. ఏప్రిల్‌లో కమ్యూనిస్టు సైన్యం యాంగ్జీ నది దాటింది. 23న నాంజింగ్ వాళ్ల చేతికొచ్చింది. జాతీయవాద ప్రభుత్వం అప్పటికే దక్షిణాన గ్వాంగ్‌జౌకు మూటాముల్లె సర్దుకుంది.

రాయబారి ముందు ఉన్నవి రెండు దారులు. ప్రభుత్వం వెంట గ్వాంగ్‌జౌ వెళ్లడం, లేదా నాంజింగ్‌లోనే ఉండిపోవడం. వినడానికి ఇది ఇల్లు మారే విషయంలా ఉంటుంది కానీ పూర్తిగా రాజకీయ నిర్ణయం. వెంట వెళ్తే పాత ప్రభుత్వం పక్షాన నిలిచినట్టు. ఉండిపోతే కొత్తవాళ్లతో మాట్లాడటానికి తలుపు తెరిచి ఉంచినట్టు. అమెరికా రాయబారి జాన్ లైటన్ స్టువర్ట్ ఉండిపోయారు. బ్రిటిష్ రాయబారి ఉండిపోయారు. పణిక్కర్ కూడా ఉండిపోయారు. ఓడిపోతున్న ప్రభుత్వం వెంట గ్వాంగ్‌జౌ దాకా వెళ్లిన పెద్ద దేశపు రాయబారి ఎవరో తెలుసా? సోవియట్ యూనియన్ రాయబారి రోష్చిన్! 1945లో చియాంగ్ ప్రభుత్వంతో స్టాలిన్ ఒప్పందం చేసుకున్నాడు కాబట్టి చివరిదాకా మర్యాద తప్పలేదన్నమాట. అదే రోష్చిన్ కొన్ని నెలల తర్వాత బీజింగ్‌లో మావో ప్రభుత్వం దగ్గర మొదటి సోవియట్ రాయబారిగా కుదురుకున్నాడు. రాయబారి ఎక్కడ నిలబడ్డాడో చూసి ఆ దేశం మనసు చదివేయొచ్చు అనుకునేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుపెట్టుకుంటే చాలు.

ఉండిపోయినవాళ్లకు ఎర్ర తివాచీలేం పరవలేదు. ఏప్రిల్ 25 తెల్లవారుజామున కొందరు సైనికులు స్టువర్ట్ పడగ్గదిలోకే వచ్చేశారు. ఏమీ ఎత్తుకెళ్లలేదు, కొట్టలేదు, చుట్టూ చూసి వెళ్లిపోయారు. అయినా ఒక రాయబారి పడగ్గదిలోకి సిపాయి నడిచి రావడం అంటే మాటలు కాదు. రాయబారులకు రక్షణ కల్పించే వియన్నా ఒప్పందం 1961లో గానీ రాలేదు. అప్పటికి ఉన్నది ఆచారం మాత్రమే. కొత్త అధికారుల వాదన సూటిగా ఉండేది. మీ దేశాలకూ మాకూ సంబంధాలు లేవు, కాబట్టి మీరిక్కడ రాయబారులు కారు, మామూలు విదేశీయులు. ఊరు దాటాలంటే అనుమతి, ప్రతి చిన్న పనికీ దరఖాస్తు. ఆ విదేశీయుల వ్యవహారాల ఆఫీసుకు పెద్దగా వచ్చిన యువకుడు హువాంగ్ హువా. ఒకప్పుడు స్టువర్ట్ నడిపిన యెంచింగ్ విశ్వవిద్యాలయంలోనే చదువుకున్నాడు, తర్వాత చైనా విదేశాంగ మంత్రి అయ్యాడు. నిన్నటి విద్యార్థి దగ్గర ఇవాళ పర్మిట్ కోసం ఎదురుచూడాల్సి రావడం ఎలా ఉంటుందో స్టువర్ట్‌కే తెలియాలి. ఆగస్టులో ఆయన దేశం వదిలిపోతే, సాగనంపుతూ మావో ఒక వెటకారపు వ్యాసమే రాశాడు.

పణిక్కర్‌కు కొలువులు మారడం కొత్త కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, అలీగఢ్‌లో పాఠాలు చెప్పి, పత్రిక నడిపి, పటియాలా, బికనీర్ సంస్థానాల్లో ఉద్యోగాలు చేశారు. బికనీర్ దివానుగా ఉండగానే సంస్థానాల కాలం ముగిసింది. రాజ్యాంగ సభలోకి ముందుగా అడుగుపెట్టిన సంస్థానాల్లో బికనీర్ ఒకటి, దాని వెనక ఆయన చెయ్యి ఉంది. మన విదేశాంగ సర్వీసు ఐఎఫ్ఎస్ ఏర్పడిందే 1946 అక్టోబరులో. పెద్ద రాజధానులకు పంపగలిగిన సీనియర్లు ఇంకా తయారు కాలేదు. అందుకే నెహ్రూ ప్రొఫెసర్లనీ, దివాన్లనీ, ఐసీఎస్‌లనీ, కుటుంబసభ్యులనీ పంపాడు. చైనాకు చరిత్రకారుడు వెళ్లడం అలా జరిగింది. దాని మంచీ చెడూ రెండూ తర్వాత కనబడ్డాయి. చరిత్రకారుడు రోజువారీ గొడవల్ని దాటి దూరం చూడగలడు. ఒక్కోసారి మరీ దూరం చూస్తూ కాళ్ల ముందున్న రాయిని గమనించడు.

1949 అక్టోబరు 1న బీజింగ్‌లో చైనా ప్రజా రిపబ్లిక్ ప్రకటన జరిగింది. మర్నాడే సోవియట్ గుర్తించింది. ఢిల్లీలో చర్చ మొదలైంది. ఎలాగూ గుర్తించాల్సిందే, ఆలస్యమెందుకని నెహ్రూ, పణిక్కర్. తొందర వద్దన్నది పటేల్, రాజాజీ. డిసెంబరులో బర్మా గుర్తించింది. డిసెంబరు 30న భారత్, 1950 జనవరి 6న బ్రిటన్ గుర్తించాయి.

ఇక్కడే గుర్తింపుకూ సంబంధాలకూ ఉన్న తేడా తెలిసొస్తుంది. కొత్త చైనా పెట్టిన నియమం ఏమిటంటే, గుర్తిస్తున్నామని ఉత్తరం రాస్తే సరిపోదు. ముందు కూర్చుని మాట్లాడాలి, చియాంగ్ ప్రభుత్వంతో తెగతెంపులు చేసుకున్నట్టు తేల్చాలి, ఆ తర్వాతే రాయబారులు. మన మాటలు మూడు నెలల్లో తేలి 1950 ఏప్రిల్ 1న సంబంధాలు మొదలయ్యాయి. మే 20న పణిక్కర్ మావోకు నియామక పత్రాలు ఇచ్చారు. బ్రిటన్ మాత్రం తైవాన్‌లో తన కాన్సులేట్ ఉంచుకుని, ఐక్యరాజ్య సమితి ఓటింగుల్లో అటూ ఇటూ ఊగుతూ ఉండటంతో ఏళ్ల తరబడి ఎటూ కాకుండా మిగిలింది. పూర్తి స్థాయి బ్రిటిష్ రాయబారి బీజింగ్‌లో కూర్చున్నది 1972లో! ఇంకో చిన్న సంగతి. 1948లో పణిక్కర్ నాంజింగ్ వెళ్లినప్పుడు భారత్ డొమినియన్, అంటే పేరుకు బ్రిటిష్ రాజే దేశాధినేత. బీజింగ్ చేరేనాటికి రిపబ్లిక్. అంటే ఉత్తరం ఇచ్చేవైపూ మారింది, పుచ్చుకునేవైపూ మారింది. మారనిది మోసుకెళ్లే మనిషి ఒక్కడే.

నెల తిరిగిందో లేదో, జూన్ 25న కొరియా యుద్ధం.

సెప్టెంబరు 15న అమెరికన్ జనరల్ మెకార్థర్ ఇంచన్ దగ్గర సైన్యాన్ని దింపి యుద్ధాన్ని తిప్పేశాడు. ఉత్తర కొరియా సేనలు వెనక్కి పరుగు తీస్తున్నాయి. రెండు కొరియాలనూ విడదీసే 38వ అక్షాంశ రేఖ దగ్గర ఆగాలా, దాటి చైనా సరిహద్దు దాకా పోవాలా అన్నది ప్రశ్న. అమెరికాకు బీజింగ్‌లో ఎంబసీ లేదు. చైనా ఏదైనా చెప్పాలంటే ఎవరో ఒకరి ద్వారా చెప్పాలి. కమ్యూనిస్టు కూటమికి బయట ఉన్న కొద్దిమంది రాయబారుల్లో బరువైన దేశం మనదే. సెప్టెంబరు 25న భోజనాల దగ్గర చైనా సైనిక ప్రముఖుడు నియె రుంగ్‌జెన్ పణిక్కర్‌తో, అమెరికన్లు సరిహద్దు దాకా వస్తే తాము చేతులు ముడుచుకుని కూర్చోబోమని చెప్పాడు. అక్టోబరు 2 అర్ధరాత్రి విదేశాంగ శాఖ అధికారి వచ్చి నిద్ర లేపాడు. ప్రధాని చౌ ఎన్‌లై వెంటనే రమ్మంటున్నారు!

అర్ధరాత్రి దాటాక జరిగిన ఆ భేటీలో చౌ చెప్పింది రెండు ముక్కలు. దక్షిణ కొరియా సైనికులు దాటితే అది వేరే సంగతి. అమెరికా సైన్యం 38వ రేఖ దాటితే మాత్రం చైనా ఊరుకోదు. ఆ రాత్రి దుభాషి పు షౌచాంగ్. చౌ వాడిన చైనా మాట 'గ్వాన్'. దానికి పట్టించుకోవడం, చూసుకోవడం, అదుపు చేయడం అని రకరకాల అర్థాలు. మన తెలుగులో 'మేం చూసుకుంటాం' అన్నట్టే. చెప్పే గొంతును బట్టి అది అభయం కావచ్చు, బెదిరింపు కావచ్చు. దుభాషి దాన్ని జోక్యం చేసుకుంటాం అనే అర్థంలోకి మార్చాడు. పణిక్కర్ కూడా అదే అర్థం చేసుకున్నారు. తెల్లారేలోగా టెలిగ్రాం ఢిల్లీకి బయల్దేరింది. అక్కణ్ణుంచి లండన్‌కు, వాషింగ్టన్‌కు వెళ్లింది. ఒక మాట నాలుగు చేతులు మారింది.

వాషింగ్టన్ కొట్టిపారేసింది. విదేశాంగ మంత్రి ఏచిసన్‌కు అది భయపడిపోయిన పణిక్కర్ ప్రేలాపనలా కనిపించింది. ట్రూమన్ తర్వాత తన జ్ఞాపకాల్లో ఈ సంగతి చెప్పాడు. పణిక్కర్ ఇంతకుముందూ చైనా కమ్యూనిస్టుల ఆట ఆడినవాడే కాబట్టి ఆయన్ను తటస్థ సాక్షిగా తీసుకోలేకపోయామన్నది ఆయన వివరణ. అమెరికన్ల వైపు నుంచి చూస్తే వాళ్ల అనుమానం మరీ పిచ్చిది కాదు. 38వ రేఖ మీద ఐక్యరాజ్య సమితిలో ఓటింగు దగ్గర పడింది, సరిగ్గా అప్పుడే ఈ హెచ్చరిక వచ్చింది. సభ్యుల్ని బెదరగొట్టే ఎత్తేమో అనిపించడం సహజం. పైగా చైనా నేరుగా యుద్ధంలోకి దిగే అవకాశం దాదాపు లేదని అంతకు రెండు వారాల ముందు పణిక్కరే రాశారు. నిన్న లేదన్నవాడు ఇవాళ ఉందంటే వినేవాడికి చిరాకు వేస్తుంది. కానీ పరిస్థితి మారినప్పుడు అంచనా మార్చుకోవడమే కదా రాయబారి పని! మొదటి టెలిగ్రామునే పట్టుకుని వేలాడేవాడు ఎవరికి కావాలి?

అక్టోబరు 7న సమితి తీర్మానం నెగ్గింది. అమెరికన్ సేనలు రేఖ దాటాయి. 15న వేక్ దీవిలో మెకార్థర్ ట్రూమన్‌ను కలిసి, చైనా వచ్చే అవకాశం చాలా తక్కువని చెప్పాడు. 19 సాయంత్రం చైనా సేనలు కొరియా సరిహద్దులోని యాలూ నది దాటడం మొదలుపెట్టాయి. తర్వాతి జనవరి మొదటి వారంలో సియోల్ మళ్లీ అమెరికన్ల చేయి జారిపోయింది.

మాస్కోలో అప్పుడు మన రాయబారి తెలుగువాడే, సర్వేపల్లి రాధాకృష్ణన్. పణిక్కర్ లాగే పుస్తకాల మనిషి. అంతకుముందు అక్కడున్న విజయలక్ష్మీ పండిట్‌కు ఒక్కసారీ దర్శనమివ్వని స్టాలిన్, ఈయన్ను 1950 జనవరిలో పిలిచి మాట్లాడాడు. జులైలో కొరియా రాజీ కోసం నెహ్రూ స్టాలిన్‌కూ ఏచిసన్‌కూ ఉత్తరాలు రాశాడు. స్టాలిన్ సరేనన్నాడు, అమెరికా ససేమిరా అంది. బీజింగ్‌లో ఒక ప్రొఫెసర్, మాస్కోలో ఒక ప్రొఫెసర్, ఢిల్లీలో పుస్తకాలు రాసే ప్రధాని. వాషింగ్టన్ కళ్లకు మన దౌత్యం ఎలా కనబడి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు అదే నెలలోని రెండో సగానికి వద్దాం. టిబెట్ విషయంలో పణిక్కర్ గెలిచాడని ఎవరూ అనరు.

బ్రిటిష్ వాళ్ల నుంచి మనకు లాసాలో ఒక మిషన్, గ్యాంట్సే, యాతుంగ్, గార్‌తోక్‌లలో వాణిజ్య ఏజెన్సీలు, కాపలాకు కొంత సైన్యం, తపాలా తంతి సౌకర్యాలు వారసత్వంగా వచ్చాయి. టిబెట్ మీద చైనాకు ఉన్నది పేరుకు పైచేయి మాత్రమే, లోపల పాలన టిబెట్‌దే అన్నది బ్రిటిష్ వాళ్లు వాడిన సూత్రం. దాన్ని ఇంగ్లీషులో సుజరెయిన్‌టీ అంటారు. పూర్తి అధికారం అయితే సావరిన్‌టీ, మన మాటల్లో సార్వభౌమత్వం. 1950 ఆగస్టులో చైనాకు ఇచ్చిన ఒక నోట్‌లో మొదటి మాట ఉండాల్సిన చోట రెండో మాట పడిందనీ, అది పణిక్కర్ చలవేననీ వచ్చిన వివాదం ఇవాళ్టికీ చల్లారలేదు. ఒక్క మాటకు అంత గొడవా అనిపిస్తుంది. ఆస్తి దస్తావేజులో 'అనుభవదారు' అని రాయాల్సిన చోట 'హక్కుదారు' అని రాస్తే ఏమవుతుందో మన ఊళ్లలో ఎవర్నడిగినా చెప్తారు.

ఆ ఏడాదంతా పణిక్కర్ ఢిల్లీకి చెప్తూ వచ్చింది ఒకటే. చైనా టిబెట్ సంగతి మాటలతో తేల్చుకుంటుంది, శాంతియుతంగా ఉంటుంది. మనం టిబెట్ ప్రతినిధుల్ని బీజింగ్ వెళ్లి మాట్లాడమని తొందర పెడుతున్నాం. ఇంతలో అక్టోబరు మొదటి వారంలో చైనా సైన్యం తూర్పు టిబెట్‌లోకి దిగింది. వార్తలు వస్తున్నా బీజింగ్ నుంచి రూఢి కాలేదని పణిక్కర్ జాగు చేశారు. 19న తూర్పు టిబెట్‌లోని చామ్‌దో పట్టణం పడిపోయింది. యాలూ నది దాటింది కూడా అదే రోజు! 26న భారత్ నిరసన తెలిపితే, మీరు టిబెట్‌లో చైనా వ్యతిరేక విదేశీ శక్తుల ప్రభావానికి లోనయ్యారంటూ చైనా ఎదురు దెబ్బ కొట్టింది.

నవంబరు 7న పటేల్ నెహ్రూకు రాసిన పొడుగాటి ఉత్తరం ఇప్పుడు చాలామందికి తెలుసు. చైనా చేసే ప్రతి పనికీ ఏదో ఒక సమర్థన వెతకడానికి మన రాయబారి తెగ కష్టపడుతున్నాడని అందులో కుండ బద్దలు కొట్టాడు. ఐదు వారాల తర్వాత, డిసెంబరు 15న, పటేల్ పోయారు. ఆ వాదన తర్వాత అంత గట్టిగా వినిపించే గొంతు మంత్రివర్గంలో లేకుండాపోయింది.

పటేల్ చెప్పిన జబ్బు నిజంగా ఉంది, దౌత్యరంగంలో అందరికీ తెలిసిందే. ఒక ఊళ్లో ఎక్కువకాలం ఉంటే అక్కడివాళ్ల కళ్లతో చూడటం అలవాటవుతుంది. నీ దేశం మాట వాళ్లకు చెప్పడానికి వెళ్లి, వాళ్ల మాట నీ దేశానికి నచ్చజెప్పడం మొదలుపెడతావు. ఏ దేశమైనా రాయబారుల్ని మూడేళ్లకోసారి కదుపుతూ ఉండటానికి ఇదీ ఒక కారణం. పణిక్కర్ విషయంలో దీనికి చరిత్ర కూడా తోడైంది. ఆసియాలో తెల్లవాళ్ల పెత్తనం ముగుస్తోందన్నది ఆయన జీవితమంతా నమ్మిన సంగతి, చదివిన చదువంతా దాని చుట్టూనే. ఆ పెద్ద కథలో కొత్త చైనా ఆయనకు తోటి ప్రయాణికుడిలా కనబడింది. తోటి ప్రయాణికుడు మన పెట్టె మీద చెయ్యేస్తాడని ఎవరనుకుంటారు?

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. బీజింగ్‌లో ఆయన మీద అంత నమ్మకం లేకపోతే ఆ అర్ధరాత్రి కబురు ఆయనకు వచ్చేది కాదు. చైనావాళ్లు నమ్మారు కాబట్టే నిజం చెప్పారు. చైనావాళ్లు నమ్మిన మనిషి కాబట్టే అమెరికా నమ్మలేదు. అదే చనువు టిబెట్ దగ్గరికి వచ్చేసరికి ఆయన చూపును మసకబార్చింది. వీటిలో ఒకటి తీసేసి ఇంకొకటి ఉంచుకోవడం కుదిరే పని కాదేమో. టిబెట్ మొత్తాన్ని పణిక్కర్ నెత్తిన రుద్దేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. 1950లో, కాశ్మీర్ గాయం పచ్చిగా ఉండగా, హిమాలయాల అవతలికి సైన్యాన్ని పంపే తాహతు ఢిల్లీకి లేదు. రాయబారి ఎంత ఘాటుగా రాసినా చామ్‌దో ఆగేది కాదు. ఆయన్ను నిజంగా తప్పుపట్టాల్సింది ఇంకో దగ్గర. 1952లో చౌ ఎన్‌లైతో టిబెట్‌లోని మన హక్కుల మీద మాట్లాడినప్పుడు చౌ సరిహద్దు ఊసెత్తలేదు. మనమూ ఎత్తకపోవడమే మేలని పణిక్కర్ సలహా. అవతలివాడి మౌనాన్ని ఒప్పుకోలుగా లెక్కేశారు. సీనియర్ అధికారి గిరిజా శంకర్ బాజ్‌పాయ్ ఇది సరికాదని గట్టిగానే చెప్పారు. వినలేదు. టిబెట్ మీద చైనాతో చేసుకున్న 1954 ఒప్పందంలోనూ సరిహద్దు మాట లేదు. మిగతాది 1962 యుద్ధం.

ఇప్పటి సంగతులకు ఒక్కసారి వద్దాం, ఎందుకంటే నాంజింగ్ ప్రశ్న కాబూల్‌లో మళ్లీ వచ్చింది. 2021 ఆగస్టు 15న తాలిబన్లు కాబూల్ పట్టుకున్నారు. రెండు రోజుల్లో మన రాయబారినీ సిబ్బందినీ వాయుసేన విమానంలో వెనక్కి తెచ్చేశారు. పణిక్కర్ లాగా ఉండిపోవడం అక్కడ ప్రాణాలతో చెలగాటం. కానీ 2022 జూన్‌లో 'సాంకేతిక బృందం' పేరుతో మళ్లీ వెళ్లారు. ఎంబసీ అనలేదు, రాయబారిని పెట్టలేదు, గుర్తింపు ఇవ్వలేదు. అయినా మందులు, గోధుమలు, వీసాలు, మాటామంతీ అన్నీ నడిచాయి. 2025 అక్టోబరులో తాలిబన్ విదేశాంగ మంత్రి ఢిల్లీకి వచ్చినప్పుడు, ఆ బృందాన్ని తిరిగి ఎంబసీ హోదాకు తెస్తున్నామని మన విదేశాంగ మంత్రి ప్రకటించారు. ప్రభుత్వాన్ని లాంఛనంగా గుర్తిస్తున్నామని మాత్రం అనలేదు. గుర్తింపు వేరు, ఉనికి వేరు అన్నది ఇదే.

దీనికి తిరగేసిన బొమ్మ ఇంకా నలిగిపోయే బొమ్మ. ఉన్న ఊళ్లో అంతా బాగానే ఉంది, సొంత దేశంలోనే ప్రభుత్వం తిరగబడింది. అప్పుడు నువ్వెవరి రాయబారివి? 1971 ఏప్రిల్ 6న ఢిల్లీలోని పాకిస్తాన్ హైకమిషన్‌లో పనిచేస్తున్న ఇద్దరు బెంగాలీ అధికారులు బంగ్లాదేశ్ పక్షాన నిలుస్తున్నట్టు ప్రకటించారు. అప్పటికి ఆ దేశపు ప్రభుత్వం ప్రమాణస్వీకారం కూడా చెయ్యలేదు! 18న కలకత్తాలో పాకిస్తాన్ డిప్యూటీ హైకమిషనర్ హుస్సేన్ అలీ తన ఆఫీసు మీది పాకిస్తాన్ జెండా దించి బంగ్లాదేశ్ జెండా ఎగరేశాడు. మయన్మార్‌లో 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కున్నాక, ఐక్యరాజ్య సమితిలో ఆ దేశ ప్రతినిధి చో మో టున్ సభలోనే మూడు వేళ్లెత్తి సైన్యాన్ని ధిక్కరించాడు. సైన్యం ఆయన్ను తీసేశామంది, సమితి మాత్రం ఆయన్ను కుర్చీలోంచి లేపలేదు. ఢిల్లీలోని అఫ్ఘాన్ ఎంబసీ, కూలిపోయిన రిపబ్లిక్ జెండాతోనే రెండేళ్లు నెట్టుకొచ్చి 2023 నవంబరులో చేతులెత్తేసింది. వీళ్లకు జీతమిచ్చేవాళ్లుండరు, పాస్‌పోర్టు రెన్యూ చేసేవాళ్లుండరు, ఇంటి దగ్గర బంధువుల గురించి టెన్షన్ ఒకటి. పణిక్కర్‌కు ఈ బాధ లేదు. ఆయన దేశం ఆయన వెనక స్థిరంగా ఉంది.

చైనా తర్వాత ఆయన్ను కైరోకు పంపారు. అదే 1952లో ఈజిప్టు రాజు ఫరూక్‌ను సైనికాధికారులు గద్దె దింపారు. ఈ మనిషి వెళ్లిన చోటల్లా కొలువులు మారుతున్నాయే అని ఢిల్లీలో ఎవరైనా నవ్వుకున్నా ఆశ్చర్యం లేదు. 1953 చివర్లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషన్‌లో వేశారు. ఈసారి వెళ్లి చూడాల్సింది సొంత దేశాన్నే. కమిషన్‌కు లక్షన్నరకు పైగా అర్జీలు, పత్రాలు వచ్చాయి. ముగ్గురూ 38,000 మైళ్లు తిరిగారు, 104 చోట్లకు వెళ్లారు, తొమ్మిది వేల మందికి పైగా మనుషులతో మాట్లాడారు. చూసింది చూసినట్టు రాసి 1955 సెప్టెంబరు 30న ఢిల్లీకి అందజేశారు.

తెలంగాణను కొన్నాళ్లు విడిగా ఉంచమన్న సిఫారసును ప్రభుత్వం తీసుకోలేదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఉత్తరప్రదేశ్ ఒక్కటే అంత పెద్దగా ఉంటే దేశానికి మంచిది కాదు, విడదీయండి అని పణిక్కర్ ఒక్కరే అదే నివేదికలో విడిగా అసమ్మతి నోటు రాశారు. దాన్నీ పక్కన పెట్టేశారు.